వేలూరు–గుడియాత్తం ప్రాంతపు ఇంటి చలువ పానీయాలు

తమిళనాడు ఉత్తర సరిహద్దున, పాలారు, కౌండిన్య నదుల ఒడ్డున ఉన్న వేలూరు, గుడియాత్తం ఊళ్లలోనూ వాటి చుట్టుపక్కల పల్లెల్లోనూ ఎండకాలం దాహం తీరడానికి ఇళ్లలో చేసుకునే మత్తులేని పానీయాలను ఈ వ్యాసం పరిచయం చేస్తుంది. మజ్జిగ, నిమ్మనీళ్లు, పానకం, నన్నారి షర్బత్తు, రాగి అంబలి, గంజి, సబ్జా నీళ్లు, పచ్చిమామిడి రసం, శొంఠి కాఫీ వీటిలో ముఖ్యమైనవి. తమిళం, తెలుగు, దక్కనీ ఉర్దూ మాట్లాడే ఇళ్లు పక్కపక్కనే ఉండటం వల్ల ఒకరి వంటింటి పానీయం మరొకరి వంటింట్లోకి సులువుగా చేరింది.

రుచిని బట్టి చూస్తే ఇవి రెండు తెగలు. ఉప్పు, పులుపు, కారం కలిసినవి రోజువారీవి. బెల్లం, చక్కెర కలిసినవి పండగలకు, మొక్కులకు, వచ్చిన చుట్టాలకు. మధుమేహం ఉన్నవారికి సరిపడే పానీయాల కోసం కొత్తగా వెతకనక్కర్లేదు, మొదటి తెగలో చాలా భాగం వారికి సరిపోయేదే. అయితే తియ్యగా లేని ప్రతిదీ చక్కెరను పెంచదనుకోవడం సరికాదు. అంబలి, గంజి ఇందుకు ఉదాహరణలు.

ప్రాంతం, వాతావరణం

వేలూరు చెన్నైకి పడమరగా సుమారు 135 కిలోమీటర్ల దూరంలో, తూర్పు కనుమల గుట్టల మధ్య ఉంది. సముద్రపు గాలి ఇక్కడికి ఆలస్యంగా, పలచబడి చేరుతుంది. మే నెలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే. తెలుగు పంచాంగాల్లో కర్తరి అనీ, తమిళుల నోట కత్తిరి, అగ్ని నక్షత్రం అనీ వినిపించే రోజులు సుమారు మే 4 నుంచి 28 దాకా ఉంటాయి.

గుడియాత్తం చేనేత లుంగీలకు, అగ్గిపెట్టెల తయారీకి పేరుపొందిన పట్టణం. కౌండిన్య నది ఆంధ్రప్రదేశ్‌లోని పలమనేరు వైపు నుంచి వచ్చి, మోర్దానా ఆనకట్ట దాటి, ఈ ఊరి మధ్యగా పారి పాలారులో కలుస్తుంది. 1911లో పాత ఉత్తర ఆర్కాటు నుంచి కొన్ని తాలూకాలను విడదీసి చిత్తూరు జిల్లా ఏర్పరచినప్పుడు వేలూరు, గుడియాత్తం ఉత్తర ఆర్కాటులోనే మిగిలిపోయాయి. 2019లో వేలూరు జిల్లాను మూడుగా విభజించాక కూడా గుడియాత్తం వేలూరులోనే ఉంది. ఎల్లలు మారినా రాకపోకలు ఆగలేదు. చిత్తూరు, పలమనేరు వైపు నుంచి చింతపండు, మామిడి, రాగులు ఇటు వస్తూనే ఉన్నాయి, వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆసుపత్రికి వచ్చే తెలుగు కుటుంబాలకూ లోటు లేదు.

పొడి ఎండ ఒక మేలు కూడా చేస్తుంది. మట్టికడవ గోడల్లోంచి చెమర్చిన నీరు ఆవిరయ్యేటప్పుడు లోపలి నీళ్ల వేడిని తీసుకుపోతుంది. గాలిలో తేమ తక్కువైన కొద్దీ ఆవిరి త్వరగా లేస్తుంది. అందుకే తీరప్రాంతంలో కంటే ఈ లోపలి ఊళ్లలో కడవ నీళ్లు బాగా చల్లబడతాయి. కడవలో పిడికెడు వట్టివేళ్లు మూటగట్టి వేస్తే నీళ్లకు సువాసన వస్తుంది. ఇందులో చక్కెర, ఉప్పు ఏవీ ఉండవు కనుక ఏ జబ్బు ఉన్నవారైనా తాగదగ్గ మొదటి పానీయం ఇదే.

మజ్జిగ

ఈ ప్రాంతంలో అన్నిటికంటే ఎక్కువగా తాగేది మజ్జిగ. రాయలసీమ పల్లెల్లో దీన్నే సల్ల అంటారు. తమిళులకు ఇది నీర్‌మోర్. ఏప్రిల్, మే నెలల్లో బజారు కూడళ్లలో చలివేంద్రాలు పెట్టేవారు నీళ్ల కుండ పక్కనే మజ్జిగ బానను కూడా ఉంచుతారు.

ఇంట్లో చేసేటప్పుడు ఒక పాలు పెరుగుకు నాలుగు పాళ్ల నీళ్లు కొలత. ముందు పెరుగును నీళ్లు పోయకుండా కవ్వంతో చిలకాలి. మీగడ పూసలుపూసలుగా విడి వెన్న తేలాక తీసేసి, అప్పుడు చల్లని నీళ్లు పోసి మళ్లీ ఒక తిప్పు తిప్పాలి. అల్లం ముక్క, సగం పచ్చిమిరపకాయ, రెండు రెబ్బల కరివేపాకు, చిటికెడు ఉప్పు రోట్లో కచ్చాపచ్చాగా దంచి మజ్జిగలో వేసి, పావుగంట ఊరనిచ్చి వడగట్టాలి. మెత్తగా నూరితే ఘాటు గొంతులో పట్టుకుంటుంది, దంచితే వాసన మాత్రమే దిగుతుంది. కొందరు దబ్బాకు చించి వేస్తారు, కొందరు ఇంగువ, ఆవాలతో తాలింపు పెడతారు.

పెరుగులోని పాలచక్కెరలో కొంత తోడుకునేటప్పుడే లాక్టిక్ ఆమ్లంగా మారిపోతుంది. మిగిలినదీ నీళ్లతో పలచబడుతుంది. కాబట్టి 200 మిల్లీలీటర్ల గ్లాసులో ఉండే పిండిపదార్థం సుమారు 2 గ్రాములే. మధుమేహం ఉన్నవారు దీన్ని నిశ్చింతగా తాగవచ్చు. రక్తపోటు ఉన్నవారు మాత్రం ఉప్పు తగ్గించుకోవాలి. పెద్దవాళ్లు రోజంతా తీసుకునే ఉప్పు మొత్తం 5 గ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే చదునుగా ఒక చిన్న చెంచా లోపు. రోజుకు నాలుగు గ్లాసుల ఉప్పుమజ్జిగ తాగే ఇంట్లో ఈ లెక్క ఇట్టే దాటిపోతుంది. ఉప్పు తగ్గినప్పుడు రుచిని నిలబెట్టేవి అల్లం, వేయించిన జీలకర్ర పొడి, కొత్తిమీర.

పానకాలు

బెల్లం నీళ్లలో మిరియాలు, శొంఠి, ఏలకులు కలిపిన పానకం శ్రీరామనవమికి ఇంటింటా చేస్తారు. తెలుగువారికి మంగళగిరి నరసింహస్వామి నైవేద్యంగానూ ఇది చిరపరిచితం. లీటరు నీళ్లకు 100 నుంచి 150 గ్రాముల బెల్లం, అర చెంచా మిరియాల పొడి, అర చెంచా శొంఠి పొడి, నాలుగు ఏలకులు చాలు. బెల్లాన్ని నీళ్లలో కరిగించి వడగట్టి, పొడులు ఆ తర్వాత కలపాలి. ముందే కలిపితే వడగట్టేటప్పుడు బెల్లం మలినాలతో పాటు అవీ పోతాయి. వేలూరు వైపు తమిళ ఇళ్లలో చింతపండు పులుసు కలిపిన పానకమూ ఉంది. ఇందులో పులుపు ముందు, తీపి వెనక.

గుడియాత్తంలో ఏటా వైకాసి నెల మొదటి రోజున, అంటే మే నెల మధ్యలో, గెంగమ్మ శిరస్సు జాతర జరుగుతుంది. అమ్మవారి శిరస్సును ఊరేగించే ఈ జాతరకు తమిళ, తెలుగు పల్లెల నుంచి జనం విరగబడి వస్తారు. కర్తరి నడుమ వచ్చే పండగ కాబట్టి దారి పొడవునా మజ్జిగ, పానకం, అంబలి పోయడం పుణ్యకార్యంగా భావిస్తారు.

పచ్చిమామిడి రసాన్నీ ఈ వరుసలోనే చెప్పుకోవచ్చు. చిత్తూరు–గుడియాత్తం తోటల్లో విరివిగా పండే తోతాపురి కాయలు ఏప్రిల్ నాటికి పచ్చిగా దొరుకుతాయి. కాయను నిప్పుల మీద కాల్చి గానీ ఉడికించి గానీ, గుజ్జు పిసికి, నీళ్లు, ఉప్పు, జీలకర్ర, పుదీనా కలుపుతారు. బెల్లం వేస్తే పానకం, వేయకపోతే ఉప్పురసం. రెండో పద్ధతిలో చేసింది ఒక గ్లాసు మధుమేహులకు ఇబ్బంది కాదు.

నన్నారి, వేళ్ల షర్బత్తులు

రాయలసీమలోనూ ఉత్తర తమిళనాడులోనూ నన్నారి పేరుతో రెండు వేర్వేరు తీగల వేళ్లు వాడుకలో ఉన్నాయి. ఒకటి సుగంధిపాల, దీని వేళ్లు సన్నగా ఉంటాయి. రెండోది మారెడు గడ్డ. వృక్షశాస్త్రంలో దీని పేరు డెకాలెపిస్ హామిల్టోనియై. బొటనవేలంత లావు వేళ్లతో తూర్పు కనుమల రాతి గుట్టల్లో పెరుగుతుంది. తమిళులు దీన్ని మాగాళి కిళంగు అని మజ్జిగలో ఊరవేసి పచ్చడి పెట్టుకుంటారు. ఈ వేళ్ల సువాసనకు కారణమైన పదార్థం వెనిలా వాసననిచ్చే వెనిలిన్‌కు దగ్గరి చుట్టం: రెండింటిలోనూ పరమాణువుల సంఖ్య ఒకటే, అమరిక వేరు. అడవుల నుంచి విచ్చలవిడిగా తవ్వడం వల్ల మారెడు గడ్డ అంతరించే ప్రమాదమున్న మొక్కల జాబితాకు ఎక్కింది.

షర్బత్తు చేయడానికి వేళ్లను మట్టి పోయేదాకా కడిగి, రోకలితో మెల్లగా కొడతారు. దెబ్బకు పైనున్న కండగల బెరడు విడిపోయి, లోపలి పుల్లలాంటి నడిమి భాగం బయటికి వస్తుంది. వాసనంతా బెరడులోనే ఉంటుంది కాబట్టి పుల్లను పారేస్తారు. బెరడును మరిగించి దించిన నీళ్లలో వేసి మూతపెట్టి రాత్రంతా ఉంచుతారు. పొయ్యి మీద ఎక్కువసేపు మరిగిస్తే వాసన ఆవిరితో లేచిపోయి ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది, సీసాలో మాత్రం ఏమీ మిగలదు. పొద్దున వడగట్టిన కషాయంలో చక్కెర పాకం కలిపితే షర్బత్తు సిద్ధం. తాగేటప్పుడు దానికి నిమ్మరసం, చల్లని నీళ్లు, నానిన సబ్జా గింజలు తోడవుతాయి.

పాకంలో సుమారు 65 శాతం చక్కెర ఉంటేనే అది నెలల తరబడి చెడకుండా ఉంటుంది. అంత చిక్కటి చక్కెరలో సూక్ష్మజీవులకు బతకడానికి కావలసిన నీరు దొరకదు. చక్కెర తగ్గిస్తే నిల్వగుణమూ తగ్గుతుంది. అందుకే చక్కెరలేని నన్నారిని సీసాల్లో దాచకూడదు. కషాయాన్ని ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు రోజుల్లో వాడేయాలి, లేదా ఐసు గడులలో పోసి గడ్డకట్టించుకుని, రోజుకొక ముక్క నిమ్మ ఉప్పునీళ్లలో వేసుకోవాలి.

అంబలి, గంజి

రాగి అంబలి పానీయమూ ఆహారమూ రెండూను. ముందురోజు రాగిపిండిని నీళ్లలో కలిపి పులియబెడతారు. మర్నాడు నూకలు ఉడుకుతుండగా ఆ పిండినీళ్లు పోసి, ఉండకట్టకుండా తిప్పుతూ ఉడికించి చల్లారుస్తారు. తాగే ముందు మజ్జిగ, ఉప్పు కలిపి, నంజుకోవడానికి ఎర్రగడ్డ ముక్కలు, ఊరమిరపకాయలు పెట్టుకుంటారు. ఆడి నెలలో, అంటే జులై మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా, అమ్మవారి గుళ్ల దగ్గర అంబలి పోయడం తమిళ పల్లెల ఆచారం. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. మన రోజువారీ ధాన్యాల్లో మరేదీ దీనికి సాటిరాదు.

పేర్ణంబట్టు, గుడియాత్తం, వేలూరు ముస్లిం వాడల్లో రంజాను నెల సాయంత్రాలు నోన్బు గంజితో మొదలవుతాయి. బియ్యం, పెసరపప్పు, మెంతులు, అల్లం వెల్లుల్లి, ఒక్కోసారి కొద్దిగా మాంసం వేసి జారుగా ఉడికించిన గంజి ఇది. దీనికోసం తమిళనాడు ప్రభుత్వం మసీదులకు బియ్యం కేటాయిస్తుంది. ఇఫ్తారు వేళ సబ్జా వేసిన గులాబి షర్బత్తు, నిమ్మ షర్బత్తు కూడా ఉంటాయి.

రాత్రి మిగిలిన అన్నంలో నీళ్లు పోసి ఉంచి, పొద్దున ఆ నీళ్లను ఉప్పు, మజ్జిగతో తాగడం పాత అలవాటు. ఉడికి చల్లారిన అన్నంలో పిండిపదార్థం కొంత గట్టిపడి, చిన్నపేగులో జీర్ణం కాకుండా పెద్దపేగుకు చేరుతుంది. అక్కడి సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టి చిన్న కొవ్వు ఆమ్లాలుగా మారుస్తాయి, ఆ ఆమ్లాలు ఉప్పునూ నీటినీ శరీరంలోకి పీల్చుకోవడానికి సాయపడతాయి. ఈ సూత్రం మీదే వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యులు కలరా రోగుల మీద ఒక అధ్యయనం చేశారు. జీర్ణంకాని మొక్కజొన్న పిండిని లీటరుకు 50 గ్రాముల చొప్పున జీవనజలంలో (ఓఆర్ఎస్) కలిపి తాగించినప్పుడు, మామూలు జీవనజలం తాగినవారి కంటే విరేచనాలు తక్కువై త్వరగా కట్టాయి. 48 మందిపై జరిగిన ఈ అధ్యయనం 2000లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వెలువడింది. అందులో వాడింది ప్రత్యేకమైన మొక్కజొన్న పిండి, ఇంటి గంజి కాదు. కాబట్టి విరేచనాలప్పుడు ప్యాకెట్ జీవనజలమే మేలు. అది దొరకకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో చదునుగా ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చిన్న చెంచా ఉప్పు కలిపి తాగాలి.

ఇతర పానీయాలు

సబ్జా గింజలు నీళ్లలో పది నిమిషాలకే ఉబ్బి చుట్టూ జిగురు పొర కట్టుకుంటాయి. ఈ జిగురు కరిగే పీచు. నానని గింజలు గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది కనుక పూర్తిగా ఉబ్బాకే వాడాలి. బార్లీని ఉడికించి పైనీళ్లు మాత్రం వడగట్టుకుంటే మేలుచేసే పీచులో ఎక్కువ భాగం గింజల్లోనే ఉండిపోతుంది. కాస్త గుజ్జు కూడా కలుపుకోవాలి. ఉసిరికాయను దంచి మజ్జిగలో కలపడం శీతకాలపు పద్ధతి. దగ్గు, జలుబులకు శొంఠి, ధనియాలు మరిగించిన శొంఠి కాఫీ తాటిబెల్లంతో తాగుతారు, బెల్లం లేకపోయినా దాని ఘాటు ఘాటే.

లేత కొబ్బరి నీళ్లలో 100 మిల్లీలీటర్లకు సుమారు 3 గ్రాముల చక్కెర, 200 నుంచి 250 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటాయి. తాటి ముంజలను నీళ్లతో సహా చిదిపి నన్నారిలో వేసుకుంటారు. తాటిచెట్టు నుంచి దించిన నీరా పులియకుండా ఉండాలని ముంతలోపల సున్నం పూస్తారు. అది మత్తెక్కించదు గానీ పదోవంతుకు పైగా చక్కెరే.

మధుమేహం ఉన్నవారికి

2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి సర్వే ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. వీరికి ఎండకాలం రెట్టింపు కష్టం. రక్తంలో చక్కెర డెసిలీటరుకు సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే మూత్రపిండాలు దాన్ని పూర్తిగా వెనక్కి తీసుకోలేవు. మూత్రంలోకి జారిన చక్కెర తనతో నీటినీ లాక్కుపోతుంది. ఒళ్లు ఎండిపోయి దాహం పెరుగుతుంది. ఆ దాహానికి తీపి షర్బత్తు తాగితే చక్కెర ఇంకా పెరిగి, మళ్లీ దాహం వేస్తుంది.

బెల్లం, తాటిబెల్లం, తేనె ఆరోగ్యకరం కాబట్టి పరవాలేదన్న నమ్మకం ఈ ప్రాంతంలో బలంగా ఉంది. బెల్లంలో కొద్దిగా ఖనిజాలు ఉన్న మాట నిజమే, కానీ అందులో అత్యధిక భాగం మామూలు చక్కెరే. రక్తంలోకి చేరాక రెండిటికీ తేడా లేదు. కలిపిన చక్కెరలు, తేనె, పండ్లరసాల నుంచి వచ్చే శక్తి రోజు మొత్తంలో పదో వంతు లోపు ఉండాలనీ, ఇరవయ్యో వంతుకు తగ్గిస్తే మరీ మంచిదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. రోజుకు 2000 కేలరీలు తీసుకునేవారికి ఇది 50 గ్రాములు, 25 గ్రాములు. ఒక గ్లాసు పానకంతోనే రెండో హద్దు ముగుస్తుంది.

200 మిల్లీలీటర్ల గ్లాసులో ఉండే పిండిపదార్థం, చక్కెరలు వంటింటి కొలతల ప్రకారం ఉజ్జాయింపుగా ఇలా ఉంటాయి:

- నిమ్మ ఉప్పునీళ్లు (అర చెక్క నిమ్మ): 1 గ్రాము
- పలచని మజ్జిగ: 2 గ్రాములు
- లేత కొబ్బరి నీళ్లు: 5 నుంచి 8 గ్రాములు
- రాగి అంబలి (20 గ్రాముల పిండితో): 14 గ్రాములు
- పానకం (లీటరుకు 150 గ్రాముల బెల్లంతో): 25 గ్రాములు
- నన్నారి షర్బత్తు (30 మిల్లీలీటర్ల పాకంతో): 25 గ్రాములు
- చెరకు రసం: 25 గ్రాములకు పైగా

అంబలి విషయంలో ఒక జాగ్రత్త అవసరం. రాగులు మంచివే అయినా, మెత్తగా విసిరి జారుగా ఉడికించిన పిండి త్వరగా జీర్ణమై చక్కెరను వేగంగా పెంచుతుంది. మధుమేహులు అంబలిని దాహానికి తాగే నీళ్లుగా కాక, ఒక పూట తిండిలో భాగంగా లెక్కవేసుకోవాలి. మజ్జిగ ఎక్కువ, పిండి తక్కువ వేసుకుని, పక్కన ఉడికించిన అలసందలో, ఆకుకూరో తింటే వేగం తగ్గుతుంది. పండ్లను రసం తీసి వడగట్టడం కంటే ముక్కలుగా తినడం మేలు, పీచు పారేయకుండా ఉంటుంది. మెంతులు నానబెట్టిన నీళ్లు చాలామంది పరగడుపున తాగుతారు. మెంతుల్లోని కరిగే పీచు చక్కెర పీల్పును నెమ్మదింపజేస్తుంది గానీ, అది మందుకు బదులు కాదు.

మినహాయింపులు, శుచి

మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి, పొటాషియం పెంచే రక్తపోటు మందులు వాడేవారికి కొబ్బరి నీళ్లు ప్రమాదకరం కావచ్చు. గుండె, మూత్రపిండాల రోగులకు రోజుకు ఇన్ని నీళ్లని వైద్యులు హద్దు పెడతారు, ఏ పానీయమైనా ఆ లెక్కలోకే వస్తుంది.

పాలారు పరీవాహకంలో నీటి నాణ్యత పాత సమస్య. తోళ్ల పరిశ్రమల వ్యర్థాలపై వేలూరు పౌరుల సంక్షేమ వేదిక వేసిన కేసులో సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పు, కాలుష్యం చేసినవారే మూల్యం చెల్లించాలన్న సూత్రాన్ని దేశంలో స్థిరపరిచింది. కాచడం వల్ల సూక్ష్మజీవులు చస్తాయి కానీ కరిగిన లవణాలు, రసాయనాలు పోవు. అందుకే బోరునీళ్లు ఉప్పగా ఉన్న వీధుల్లో తాగడానికి సరఫరా నీళ్లో, శుద్ధిచేసిన నీళ్లో వాడి, వాటిని కాచి చల్లార్చుకోవాలి. చేపలు నిల్వచేయడానికి తయారయ్యే దిమ్మ ఐసును పానీయాల్లో వేయకూడదు.

తీపి పానీయమే మందయ్యే సందర్భం ఒకటి ఉంది. ఇన్సులిన్ గానీ, చక్కెరను బాగా దించే మాత్రలు గానీ వాడేవారికి భోజనం ఆలస్యమైతే చెమటలు, వణుకు, కళ్లు తిరగడం వస్తాయి. రక్తంలో చక్కెర 70 మిల్లీగ్రాముల కంటే తగ్గిందంటే మజ్జిగతో పని జరగదు. స్పృహలో ఉంటే వెంటనే అర గ్లాసు నీళ్లలో మూడు చిన్న చెంచాల చక్కెర, అంటే సుమారు 15 గ్రాములు, కలిపి తాగించి, పావుగంటకు మళ్లీ పరీక్షించాలి. వోగ్లిబోస్, అకార్బోస్ మాత్రలు వాడేవారికి మామూలు చక్కెర, బెల్లం త్వరగా పనిచేయవు. ఆ మందులు వాటి జీర్ణాన్నే అడ్డుకుంటాయి. వారి ఇంట్లో గ్లూకోజు పొడి ప్యాకెట్ ఉండాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.